రాజ్యం మీద మానవ హక్కుల ఫిర్యాదు ఎలా తయారుచేయాలి

కస్టడీలో ఒక మనిషి చనిపోతాడు. అతని కుటుంబం పది పేజీల ఫిర్యాదు రాసి ఐక్యరాజ్య సమితి కమిటీకి పంపుతుంది. అందులో తేదీలుంటాయి, పేర్లుంటాయి, గుండె తరుక్కుపోయే వివరాలుంటాయి. అయినా అది ఆ కమిటీ ఉండే జెనీవా గుమ్మం దగ్గరే ఆగిపోవచ్చు. చాలాసార్లు కారణం ఒకటే. జరిగిన అన్యాయం కనబడుతుంది గానీ, అది రాజ్యం చేసిన తప్పు ఎలా అయిందో కాగితం మీద కనబడదు.

ఒక తప్పుకు రాజ్యం ఎప్పుడు బాధ్యత వహించాలో చెప్పే నియమాలను ఐక్యరాజ్య సమితి నిపుణుల సంఘమైన అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2001లో పూర్తిచేసింది. ఈ రాజ్య బాధ్యత అధికరణాలు 59. వాటికి పునాది రెండో అధికరణం. అది రెండే అడుగుతుంది. ఈ పని, లేదా చేయాల్సింది చేయకపోవడం, రాజ్యానికి ఆపాదించగలమా? అది రాజ్యం మీద ఉన్న అంతర్జాతీయ విధిని ఉల్లంఘించిందా? ఆ విధి నిర్వచనంలోనే ఉద్దేశం భాగమైతే తప్ప, దురుద్దేశం రుజువు చేయనక్కర్లేదు. కొట్టిన అధికారి పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. ఇక్కడ ప్రతివాది ఆ అధికారి కాదు, రాజ్యం. క్రిమినల్ కేసు రాసే అలవాటుతో ఈ ఫిర్యాదు రాస్తే దారి తప్పుతుంది.

ఈ వ్యాసం ప్రధానంగా 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను, దాన్ని పర్యవేక్షించే 18 మంది సభ్యుల మానవ హక్కుల కమిటీని దృష్టిలో పెట్టుకుని రాసింది. మిగతా కమిటీల పద్ధతి చాలావరకు ఇలాగే ఉంటుంది. తేడా ఉన్నచోట చెబుతాం.

ముందు తలుపు తెరిచి ఉందా చూడండి

ఒడంబడికలో చేరిన ప్రతి రాజ్యం మీదా వ్యక్తులు ఫిర్యాదు చేయలేరు. ఒడంబడికతో పాటు, వ్యక్తుల ఫిర్యాదులకు వీలిచ్చే అనుబంధ ఒప్పందమైన మొదటి ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో కూడా ఆ రాజ్యం విడిగా చేరి ఉండాలి. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంలో 22వ అధికరణం కింద, జాతి వివక్ష ఒప్పందంలో 14వ అధికరణం కింద, బలవంతపు అదృశ్యాల ఒప్పందంలో 31వ అధికరణం కింద రాజ్యం ప్రత్యేకంగా ప్రకటన ఇచ్చి ఉండాలి. మహిళల హక్కులకు 1999 ప్రోటోకాల్, వికలాంగుల హక్కులకు 2006 ప్రోటోకాల్, ఆర్థిక, సామాజిక హక్కులకు 2008 ప్రోటోకాల్, పిల్లల హక్కులకు 2011 ప్రోటోకాల్ ఉన్నాయి. ఏ రాజ్యం ఎందులో చేరిందో ఐక్యరాజ్య సమితి ఒప్పందాల భాండాగారం వెబ్‌సైట్‌లో తేదీలతో సహా దొరుకుతుంది.

అక్కడ మూడు విషయాలు రాసుకోండి. మొదటిది, ఒడంబడిక ఆ రాజ్యానికి అమల్లోకి వచ్చిన తేదీ. రెండోది, ప్రోటోకాల్ అమల్లోకి వచ్చిన తేదీ. చేరిక పత్రం దాఖలు చేసిన మూడు నెలలకు గానీ ఇవి అమల్లోకి రావు. ఘటన ఆ మూడు నెలల సందులో పడిందేమో చూసుకోండి. మూడోది, రాజ్యం పెట్టిన రిజర్వేషన్లు, అంటే చేరేటప్పుడు పెట్టిన మినహాయింపులు. కొన్ని రాజ్యాలు, వేరే అంతర్జాతీయ సంస్థ ఇప్పటికే పరిశీలించిన కేసును కమిటీ మళ్లీ తీసుకోకూడదని షరతు పెట్టాయి. అలాంటి రాజ్యం మీద ముందు ప్రాంతీయ కోర్టుకు వెళితే తర్వాత జెనీవా దారి మూసుకుపోవచ్చు. రిజర్వేషన్ లేకపోయినా, ఒకే సమయంలో రెండు అంతర్జాతీయ వేదికల ముందు ఒకే కేసు నడపడం కుదరదు.

ఘటన ఆ తేదీలకు ముందు జరిగితే? ఉల్లంఘన ఇంకా కొనసాగుతుంటే దారి ఉంటుంది. మనిషిని మాయం చేసి ఆచూకీ చెప్పకపోవడం కొనసాగే ఉల్లంఘన. ఒక్క రోజులో ముగిసిపోయిన పని తాలూకు నొప్పి ఇప్పటికీ ఉండటం మాత్రం కొనసాగే ఉల్లంఘన కిందికి రాదు. కమిషన్ అధికరణాల్లో 14వది ఈ తేడాను స్పష్టంగా చెబుతుంది.

గడువులు చూడండి. జాతి వివక్ష కమిటీకి దేశంలోని తుది నిర్ణయం తర్వాత ఆరు నెలలు. ఆర్థిక, సామాజిక హక్కుల కమిటీకీ, పిల్లల హక్కుల కమిటీకీ ఏడాది. మానవ హక్కుల కమిటీకి ఖచ్చితమైన గడువు లేదు. కానీ దేశంలో మార్గాలు ముగిసిన ఐదేళ్ల తర్వాత, లేదా మరో అంతర్జాతీయ విచారణ ముగిసిన మూడేళ్ల తర్వాత వస్తే ఫిర్యాదు హక్కును దుర్వినియోగం చేసినట్టు భావించే అవకాశం ఉంది. ఆలస్యానికి కారణం ఉంటే మొదటి పేజీల్లోనే చెప్పండి. ఐరోపా మానవ హక్కుల కోర్టుకు 2022 ఫిబ్రవరి 1 నుంచి గడువు నాలుగు నెలలే. పాత ఆరు నెలల లెక్క పట్టుకుని కూర్చుంటే నష్టపోతారు.

ఈ తలుపులన్నీ మూసి ఉంటే ఐక్యరాజ్య సమితి ప్రత్యేక ప్రతినిధులు, కార్యవర్గాలు ఉన్నాయి. అక్రమ నిర్బంధాల కార్యవర్గం 1991 నుంచి, బలవంతపు అదృశ్యాల కార్యవర్గం 1980 నుంచి పనిచేస్తున్నాయి. వీటికి రాజ్యం ఏ ప్రోటోకాల్‌లోనూ చేరి ఉండనక్కర్లేదు, దేశంలోని కోర్టులన్నీ తిరిగి రానక్కర్లేదు. నిర్బంధాల కార్యవర్గం మామూలుగా ప్రభుత్వానికి 60 రోజుల గడువిచ్చి జవాబు అడుగుతుంది. మనిషి ఇంకా లోపలే ఉంటే చాలాసార్లు ఇదే త్వరగా కదిలే దారి.

ఎవరు చేశారు: ఆపాదన

ఎక్కువ శ్రమ పెట్టాల్సిన భాగం ఇది. ప్రతి ఘటనకూ ఎదురుగా ఒక గడి గీసి, చేసినవారు ఏ కోవకు చెందుతారో రాయండి. కోవను బట్టే సాక్ష్యం మారుతుంది.

పోలీసు, సైనికుడు, జైలు అధికారి, జడ్జి, పురపాలక ఉద్యోగి అందరూ రాజ్యానికి అంగాలే అని కమిషన్ నాలుగో అధికరణం అంటుంది. పదవి చిన్నదా పెద్దదా అన్నది లెక్కలోకి రాదు. సమాఖ్య దేశంలో ‘అది రాష్ట్రం పరిధి, కేంద్రానికి సంబంధం లేదు’ అన్న జవాబూ చెల్లదు. ఒడంబడిక 50వ అధికరణం దాన్ని ముందే కొట్టేసింది. లాగ్రాండ్ కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 1999లో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు, అమెరికా ఇచ్చిన అంతర్జాతీయ హామీలకు అనుగుణంగా నడుచుకోవాల్సిన విధి అరిజోనా గవర్నర్ మీద ఉందని చెప్పింది. ఈ కోవలో మీరు చూపాల్సింది ఆ వ్యక్తి హోదా ఒక్కటే.

‘అతను అధికారాన్ని మించి ప్రవర్తించాడు, మేం అలా చేయమనలేదు’ అన్నది ప్రభుత్వాలు తరచూ ఇచ్చే సమాధానం. కమిషన్ ఏడో అధికరణం ప్రకారం, ఆ హోదాలో ఉండి చేసినంత వరకు, ఆదేశాలను ఉల్లంఘించి చేసిన పని కూడా రాజ్యానిదే. 1929లో ఫ్రాన్స్, మెక్సికోల మధ్య తేలిన కైర్ కేసు దీనికి మూలస్తంభం. డబ్బు డిమాండ్ చేసి, ఇవ్వలేదని ఒక ఫ్రెంచి పౌరుణ్ని మెక్సికో సైనికాధికారులు కాల్చి చంపారు. వాళ్లు అధికారులుగా కనిపిస్తూ, ఆ హోదా ఇచ్చిన సాధనాలనే వాడారు కాబట్టి మెక్సికోదే బాధ్యత అని తీర్పు వచ్చింది. అందుకే యూనిఫాం, వాహనం, సర్వీసు తుపాకీ, స్టేషన్ గది, డ్యూటీ రిజిస్టర్ వంటి వివరాలను పక్కన పడేయకండి. డ్యూటీలో లేని సమయంలో సొంత కక్షతో చేసిన పనికీ, హోదాను వాడి చేసిన పనికీ మధ్య గీత వీటితోనే గీస్తారు.

ప్రైవేటు సంస్థ నడిపే జైలు, నిర్బంధ కేంద్రం వంటివి ఐదో అధికరణం కిందికి వస్తాయి. ఆ సంస్థకు ప్రభుత్వాధికారం ఏ చట్టం వల్ల వచ్చిందో చూపించి, ఫిర్యాదు చేస్తున్న పని ఆ అధికారం వాడుతూ చేసిందేనని చూపాలి. ప్రభుత్వానికి వాటా ఉన్నంత మాత్రాన సరిపోదు.

సాయుధ ముఠాలు, అద్దె మూకల విషయంలో జాగ్రత్త. ఎనిమిదో అధికరణం రాజ్యం ఆదేశం, నిర్దేశం లేదా నియంత్రణ కోరుతుంది. 1986 నికరాగ్వా తీర్పులో అంతర్జాతీయ న్యాయస్థానం, అమెరికా డబ్బు, శిక్షణ, ఆయుధాలు ఇచ్చినంత మాత్రాన కాంట్రాల (నికరాగ్వా ప్రభుత్వం మీద పోరాడిన సాయుధ దళాల) ప్రతి దుశ్చర్యా అమెరికాది కాదని తేల్చింది. ఆ నిర్దిష్ట చర్య మీద ‘ప్రభావవంతమైన నియంత్రణ’ చూపాలంది. మాజీ యుగోస్లావియా ట్రైబ్యునల్ 1999లో టాడిచ్ కేసులో, వ్యవస్థీకృత సాయుధ దళాలకు ‘మొత్తం మీద నియంత్రణ’ చాలు అని తేలిక కొలమానం పెట్టింది. 2007లో బోస్నియా జాతిహనన తీర్పులో అంతర్జాతీయ న్యాయస్థానం పాత కఠిన కొలమానానికే కట్టుబడింది. కాబట్టి కఠినమైన దాన్నే లక్ష్యంగా పెట్టుకుని సాక్ష్యం పోగుచేయండి. ఆ రోజు, ఆ చోట ఎవరు ఆదేశమిచ్చారు, ఎవరి వాహనాలు వాడారు, చెక్‌పోస్టు ఎలా దాటారు, తర్వాత బాధితుణ్ని ఎవరికి అప్పగించారు?

రాజ్యం తర్వాత ఆ పనిని తనదిగా స్వీకరిస్తే అదీ రాజ్యానిదే (11వ అధికరణం). 1979 నవంబరులో టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించినవాళ్లు మొదట ప్రభుత్వ ప్రతినిధులు కారు. ఆ దశలో ఇరాన్ తప్పు రక్షణ ఇవ్వకపోవడం. నాయకత్వం ఆక్రమణను ఆమోదించి కొనసాగించాక ఆ పనే ఇరాన్ పని అయిందని 1980 తీర్పు. కేవలం మెచ్చుకోలు చాలదని గుర్తుంచుకోండి. స్వీకరించి కొనసాగించాలి.

ఇక, చేసినవాడు పూర్తిగా ప్రైవేటు వ్యక్తి అయితే? భర్త చేతిలో హత్య, మూక దాడి, కంపెనీ కాలుష్యం. ఇక్కడే చాలా ఫిర్యాదులు గాడి తప్పి ‘రాజ్యం చంపింది’ అని రాస్తాయి. రాజ్యం చంపలేదు. కాపాడాల్సినప్పుడు కాపాడలేదు. ఈ రెండోది రాజ్యం సొంత తప్పు, దాన్ని ఆపాదించాల్సిన పనే లేదు. అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు 1988లో వెలాస్కెజ్ రోడ్రిగెజ్ కేసులో చెప్పిన సూత్రం ఇది: ఉల్లంఘనను నివారించడానికి, దర్యాప్తు చేయడానికి, శిక్షించడానికి తగిన శ్రద్ధ చూపకపోతే, చేసింది ఎవరైనా రాజ్యం బాధ్యత వహించాలి. మానవ హక్కుల కమిటీ 2004లో ఇచ్చిన 31వ సాధారణ వ్యాఖ్యలోనూ (ఒడంబడికకు కమిటీ ఇచ్చే వివరణలోనూ) ఇదే ఉంది.

దీనికి మూడు ముడులు వేయాలి. అధికారులకు తెలుసు, లేదా తెలిసి ఉండాల్సింది. ముప్పు నిజమైనది, దగ్గర్లో ఉన్నది. వాళ్ల చేతిలో ఉన్న సమంజసమైన చర్య ఏదో వాళ్లు తీసుకోలేదు. ఐరోపా కోర్టు 1998లో ఓస్మాన్ కేసులో పెట్టిన కొలమానం ఇది. మొదటి ముడికి ముందు ఇచ్చిన ఫిర్యాదుల రసీదులు, కాల్ రికార్డులు, ఆసుపత్రి చీటీలు కావాలి. మూడో ముడికి ‘ఏదో ఒకటి చేయాల్సింది’ అంటే కుదరదు. ‘రక్షణ ఉత్తర్వు అడిగిన రోజు నుంచి 40 రోజులు దరఖాస్తు కదల్లేదు’ లాంటి వాక్యం కావాలి.

ప్రత్యక్ష సాక్ష్యం రాజ్యం చేతుల్లోనే ఉన్నప్పుడు నిరాశపడకండి. 1949 కోర్ఫు జలసంధి కేసులో మందుపాతరలు ఎవరు పెట్టారో తేలలేదు. నలభై మందికి పైగా బ్రిటిష్ నావికులు చనిపోయారు. అయినా అల్బేనియా జలాల్లో అంత పని ఆ దేశానికి తెలియకుండా జరగదని పరిస్థితుల సాక్ష్యం ఆధారంగానే కోర్టు తేల్చింది, హెచ్చరించకపోవడాన్ని తప్పుపట్టింది.

ఏ కోవ నిలబడుతుందో సందేహం ఉంటే రెండూ వరుసగా రాయండి. ‘ప్రధానంగా, ఈ చర్య ఎనిమిదో అధికరణం ప్రకారం రాజ్యానిది. అలా కాదని తేలినా, రాజ్యం రక్షించే విధిని ఉల్లంఘించింది.’ ప్రత్యామ్నాయ వాదన చేసినంత మాత్రాన మొదటి వాదన బలహీనపడదు.

ఏ విధి తప్పింది

పన్నెండు అధికరణాలు ఏకరువు పెట్టిన ఫిర్యాదు కంటే మూడింటిని గట్టిగా పట్టుకున్నది నిలుస్తుంది. ఒక్కో అధికరణానికి ఒక్కో శీర్షిక పెట్టి, దాని కింద వాస్తవం, ప్రమాణం, ఉల్లంఘన అనే వరుసలో రాయండి.

నిర్బంధం కేసులో ఒడంబడిక తొమ్మిదో అధికరణాన్ని ముక్కలుగా విడగొట్టాలి. మూడో పేరా, అరెస్టు చేసిన వ్యక్తిని ‘వెంటనే’ జడ్జి ముందుకు తీసుకెళ్లమంటుంది. 2014 నాటి 35వ సాధారణ వ్యాఖ్య దీనికి మామూలుగా 48 గంటలు చాలని, అంతకు మించితే అత్యంత అసాధారణ కారణం ఉండాలని చెప్పింది. కాబట్టి ‘చాలా రోజులు ఉంచారు’ అనకండి. అరెస్టు గంట, హాజరు గంట రాయండి. నాలుగో పేరా నిర్బంధం చట్టబద్ధమా అని కోర్టును అడిగే హక్కు. అది వేరే ఉల్లంఘన, వేరే పేరా.

మరణం కేసులో ఒడంబడిక ఆరో అధికరణం రెండు తలల విధి. చంపకూడదు, అనుమానాస్పద మరణాన్ని సరిగ్గా దర్యాప్తు చేయాలి. చంపినట్టు తేలకపోయినా దర్యాప్తు లోపం తేలవచ్చు. అందుకే రెండో దాన్ని ఎప్పుడూ విడిగా రాయాలి. సాక్షుల్ని ఎప్పుడు విచారించారు, పోస్టుమార్టం ఎవరు చేశారు, నిందితుల శాఖే దర్యాప్తు చేసిందా, కుటుంబానికి నివేదిక ఇచ్చారా?

న్యాయమైన విచారణ హక్కు ఇచ్చే ఒడంబడిక పధ్నాలుగో అధికరణంతో ఒక ప్రమాదం ఉంది. కోర్టు సాక్ష్యాన్ని తప్పుగా తూచింది అన్న వాదనకు కమిటీ అప్పీలు కోర్టులా కూర్చోదు. ఆ తూకం స్పష్టంగా ఏకపక్షమనో, న్యాయ నిరాకరణకు సమానమనో చూపాలి. లాయర్ని కలవనివ్వలేదు, సాక్షిని ప్రశ్నించనివ్వలేదు వంటి ప్రక్రియ లోపాలు పట్టుకుంటే వాదన నిలుస్తుంది.

రాజ్యం వైపు నుంచి వచ్చే జవాబుల్లో తరచూ కనిపించేవి రెండు. ‘మా చట్టం అనుమతిస్తోంది’ అన్నది కమిషన్ మూడో అధికరణం, ఒప్పందాల చట్టం మీద 1969లో కుదిరిన వియన్నా ఒప్పందం 27వ అధికరణం ముందు నిలవదు. ‘అత్యవసర పరిస్థితి’ అన్నదానికి ఒడంబడిక నాలుగో అధికరణం చూడండి. అధికారికంగా ప్రకటించాలి, మిగతా రాజ్యాలకు తెలియజేయాలి, పరిస్థితికి తగ్గ మేరకే ఉండాలి. ప్రాణ హక్కు, చిత్రహింసల నిషేధం, బానిసత్వ నిషేధం, మత స్వేచ్ఛ వంటి వాటిని ఆ సాకుతోనూ ఆపలేరు.

దేశంలోని మార్గాలన్నీ ముగించడం

తిరస్కరణలకు పెద్ద కారణాల్లో ఇదొకటి. పట్టికతో మొదలుపెట్టండి. ఐదు నిలువు వరుసలు: తేదీ, కార్యాలయం లేదా కోర్టు, అడిగిన ఉపశమనం, ఫలితం, అనుబంధం సంఖ్య. మొదటి ఫిర్యాదు నుంచి చివరి ఉత్తర్వు వరకు ఒక్క అడుగూ వదలకండి.

జెనీవాలో ఎత్తే ప్రతి అంశాన్నీ దేశంలో కూడా ఎత్తి ఉండాలి. ఒడంబడిక అధికరణం సంఖ్య చెప్పి ఉండనక్కర్లేదు. సారం చెప్పి ఉంటే చాలు. కానీ బెయిలు కోసమే వాదించి, కొట్టిన విషయం ఏ కోర్టులోనూ చెప్పకపోతే, చిత్రహింసలను నిషేధించే ఒడంబడిక ఏడో అధికరణం కింద వాదన గుమ్మం దాటదు. అందుకే జెనీవా ఫిర్యాదు నిజానికి మొదలయ్యేది దేశంలోని మొదటి పిటిషన్లోనే.

మినహాయింపులున్నాయి. మార్గం లేకపోవడం, ఉన్నా పనిచేయకపోవడం, అసమంజసంగా సాగదీయడం. ఇవి మీరు చూపాల్సినవి. ‘మా కోర్టుల మీద నమ్మకం లేదు’ అన్న మాట సరిపోదు. అలాంటి కేసుల్లో ఆ కోర్టు ఎప్పుడూ ఒకేలా కొట్టేసిందని తీర్పులతో చూపితే వేరు. సాగదీత అంటే, కేసు ముందుకు జరపమని మీరు వేసిన దరఖాస్తుల నకళ్లు పెట్టండి. వాయిదాలు మీరే అడిగి ఉంటే ఆ కాలం మీ లెక్కలోంచి పోతుంది. డబ్బు లేక అప్పీలు వేయలేదంటే, న్యాయ సహాయం అడిగి కాదనిపించుకున్న కాగితం ఉందా అని అడుగుతారు. లాయర్ నిర్లక్ష్యంతో అప్పీలు గడువు దాటితే సాధారణంగా ఆ భారం ఫిర్యాదుదారు మీదే పడుతుంది. ఇది కఠినంగా అనిపిస్తుంది, కానీ ముందే తెలుసుకుని జాగ్రత్తపడటం మేలు.

క్షమాభిక్ష వంటి, దయ మీద ఆధారపడిన మార్గాలు మాత్రం సాధారణంగా ఈ లెక్కలోకి రావు.

సాక్ష్యాలు, అనుబంధాలు

అసలు పత్రాలు ఎప్పుడూ పంపకండి. నకళ్లు పంపి, ప్రతిదానికీ ‘అనుబంధం 1’, ‘అనుబంధం 2’ అని సంఖ్య వేయండి. ఫిర్యాదులోని ప్రతి వాస్తవం పక్కన ఆ సంఖ్య ఉండాలి. సంఖ్య లేని వాక్యం కనబడితే, దానికి ఆధారం వెతకండి, లేదా తీసేయండి.

శారీరక హింస ఉంటే వైద్య పరీక్ష ఎంత త్వరగా జరిగితే అంత విలువ. పరీక్ష నివేదిక ఇస్తాంబుల్ ప్రోటోకాల్ పద్ధతిలో ఉండేలా డాక్టర్ని అడగండి. 1999లో వచ్చిన ఈ మార్గదర్శిని 2022లో సవరించారు. గాయం ఎలా ఉందో చెప్పడంతో ఆగకుండా, బాధితుడు చెప్పిన విధానానికి అది ఎంత సరిపోలుతుందో చెప్పడం దాని ప్రత్యేకత. మరణాలకు 2016లో సవరించిన మిన్నెసోటా ప్రోటోకాల్ ఉంది. పోస్టుమార్టంలో ఏం వదిలేశారో పట్టుకోవడానికి దాన్ని పక్కన పెట్టుకుని చదవండి.

సాక్షి వాంగ్మూలంలో చూసింది ఒక పేరాలో, విన్నది ఇంకో పేరాలో రాయించండి. రెండూ కలిస్తే మొత్తం వాంగ్మూలం విలువ పడిపోతుంది. ఫోటోల అసలు ఫైళ్లు అలాగే దాచండి. సవరించిన నకలు పంపితే తీసిన సమయం గురించి ప్రశ్న వస్తుంది.

రుజువు భారం అంతా మీ మీదే లేదు. 1982లో ఉరుగ్వే మీద వచ్చిన బ్లయర్ కేసులో కమిటీ, సమాచారం తరచూ రాజ్యం ఒక్కదాని దగ్గరే ఉంటుందని, తగిన ఆధారంతో వచ్చిన ఆరోపణకు రాజ్యం వివరణ ఇవ్వకపోతే దాన్ని నిజమని తీసుకోవచ్చని చెప్పింది. కాబట్టి రాజ్యం దగ్గరే ఉన్న పత్రాల జాబితా ఒకటి ఇచ్చి, అడిగినా ఇవ్వలేదని దరఖాస్తు నకలుతో సహా చూపండి.

రాయడం

ఫిర్యాదు బాధితుడి పేరుతో ఉండాలి. వేరేవాళ్లు పంపితే సంతకం చేసిన అధికార పత్రం జతచేయాలి. బాధితుడు మరణించినా, ఎక్కడున్నాడో తెలియకపోయినా దగ్గరి బంధువు పంపవచ్చు, బంధుత్వం చూపాలి. ‘ప్రజలందరి తరఫున’ అన్న ఫిర్యాదు చెల్లదు. అజ్ఞాతంగానూ కుదరదు, రాజ్యానికి పేరు తెలుస్తుంది. ప్రచురించే నిర్ణయంలో పేరు దాచమని మాత్రం అడగవచ్చు. ఫీజు లేదు. భాష ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్, రష్యన్‌లలో ఒకటి. ముఖ్యమైన అనుబంధాలకూ అనువాదం కావాలి. ప్రధాన పాఠాన్ని 20 పేజీల లోపు ఉంచడానికి ప్రయత్నించండి, ప్రతి పేరాకూ సంఖ్య వేయండి.

పేరా ఎలా ఉండకూడదో, ఎలా ఉండాలో ఒక ఊహాజనిత ఉదాహరణ:

‘పోలీసులు అతన్ని అమానుషంగా హింసించారు. ఏ అధికారీ పట్టించుకోలేదు. ఇది మానవ హక్కుల ఘోర ఉల్లంఘన.’

‘12. మార్చి 3న ఉదయం 6 గంటలకు యూనిఫాంలో ఉన్న నలుగురు పోలీసులు ఫిర్యాదుదారును ఇంటినుంచి తీసుకెళ్లారు (అనుబంధం 2, భార్య వాంగ్మూలం). 13. మార్చి 7న మధ్యాహ్నం 3 గంటలకు, అంటే 105 గంటల తర్వాత, మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచారు (అనుబంధం 4). 14. ఆ రోజు జైలు డాక్టరు రెండు అరికాళ్ల మీద వాపు, కమిలిన గుర్తులు నమోదు చేశారు (అనుబంధం 5). 15. దెబ్బల గురించి ఫిర్యాదుదారు మేజిస్ట్రేటుకు చెప్పారు (అనుబంధం 4, రెండో పేజీ). దర్యాప్తుకు ఆదేశం రాలేదు.’

మొదటిది చదివినవాళ్లు జాలిపడతారు. రెండోది చదివినవాళ్లకు నాలుగు పేరాల్లోనే ఆపాదన, ఒడంబడిక తొమ్మిదో అధికరణం మూడో పేరా, ఏడో అధికరణం, దర్యాప్తు విధి అన్నీ అందుతాయి. కోపం చూపే విశేషణాలు అవసరం లేదు. గంటల లెక్కే ఆ పని చేస్తుంది.

ఏం కావాలో అడగడం

ఉల్లంఘన తేలాక రాజ్యం మీద పడే విధులు కమిషన్ అధికరణాల 30, 31లో ఉన్నాయి. కొనసాగుతుంటే ఆపాలి, అవసరమైతే మళ్లీ జరగదని హామీ ఇవ్వాలి, పూర్తి పరిహారం చేయాలి. ‘తప్పు పని ఫలితాలన్నీ తుడిచిపెట్టాలి’ అన్న 1928 నాటి కోర్జోవ్ ఫ్యాక్టరీ తీర్పు సూత్రం దీని వెనక ఉంది. ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2005లో ఆమోదించిన మౌలిక సూత్రాలు ఐదు రూపాలు చెబుతాయి: పూర్వస్థితి పునరుద్ధరణ, నష్టపరిహారం, పునరావాసం, సంతృప్తి (క్షమాపణ, నిజాన్ని ఒప్పుకోవడం వంటివి), పునరావృతం కాదన్న హామీలు. ‘తగిన న్యాయం చేయండి’ అని రాస్తే సాధారణ వాక్యమే తిరిగి వస్తుంది. విడుదల, శిక్ష రద్దు, స్వతంత్ర దర్యాప్తు, చికిత్స ఖర్చు, ఫలానా చట్టం ఫలానా సెక్షన్ సవరణ అని విడివిడిగా అడగండి.

డబ్బు అడిగేచోట రసీదులు తప్పనిసరి. 2012లో డియాలో కేసులో, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం గినీకి 95,000 డాలర్లు చెల్లించాలని అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పిచ్చింది. అందులో 85,000 మానసిక, వ్యక్తిగత నష్టానికి, 10,000 సొంత వస్తువులకు. కోల్పోయిన ఆదాయం కింద అడిగిన దానికి ఆధారం చాలలేదని ఒక్క డాలరూ ఇవ్వలేదు. మానవ హక్కుల కమిటీ మామూలుగా మొత్తం చెప్పదు, ‘తగిన పరిహారం’ అంటుంది. అయినా మీ లెక్క జతచేస్తే తర్వాత దేశంలో బేరం సాగేటప్పుడు పనికొస్తుంది.

ప్రాణాపాయం ఉంటే

ఉరిశిక్ష అమలు, చిత్రహింస ఎదురయ్యే దేశానికి తరలింపు వంటి, తిరిగి సరిదిద్దలేని ముప్పు ఉంటే మధ్యంతర చర్యలు కోరండి. మొదటి పంక్తిలోనే ‘అత్యవసరం, మధ్యంతర చర్యల అభ్యర్థన’ అని రాసి, అమలు తేదీ, గంట, ఆ దేశపు సమయమా కాదా అన్నది పెట్టండి. పూర్తి ఫిర్యాదు సిద్ధమయ్యే దాకా ఆగొద్దు, కానీ గుమ్మం దాటే కనీస సమాచారం ఉండాలి. ఈ అభ్యర్థనను లెక్కచేయకుండా ఉరితీయడం ప్రోటోకాల్ కింది విధులకే ఉల్లంఘన అని కమిటీ 2000లో ఫిలిప్పీన్స్ మీద వచ్చిన పియాండియాంగ్ కేసులో చెప్పింది.

పంపాక

నమోదైతే రాజ్యానికి ఆరు నెలల గడువు. దాని జవాబు మీకు పంపుతారు, మీ వ్యాఖ్యలకు సాధారణంగా రెండు నెలలు ఇస్తారు. ఆ రెండు నెలల్లో కొత్త కథ చెప్పకండి. రాజ్యం చెప్పిన ఒక్కో పేరాకు ఒక్కో జవాబివ్వండి, రాజ్యం జవాబివ్వని మీ పేరాల సంఖ్యలను విడిగా జాబితా చేయండి. బ్లయర్ సూత్రం పనిచేసేది ఆ జాబితా మీదే. నిర్ణయానికి ఏళ్లు పడుతుంది. చిరునామా మారినా, దేశంలో కొత్త ఉత్తర్వు వచ్చినా, ఫిర్యాదు చేసినందుకు బెదిరింపులు మొదలైనా వెంటనే రాయండి.

వ్యక్తులు అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లలేరు. అక్కడ రాజ్యాలకే ప్రవేశం. అయితే కొన్ని ఒప్పందాల ఉల్లంఘన మీద, తన పౌరులకు హాని జరగని రాజ్యం కూడా కేసు వేయవచ్చు. చిత్రహింసల ఒప్పందం మీద 2012 బెల్జియం-సెనెగల్ తీర్పు దీన్ని ఒప్పుకుంది. 2019లో మయన్మార్ మీద గాంబియా వేసిన జాతిహనన కేసులోనూ మయన్మార్ ప్రాథమిక అభ్యంతరాలను కోర్టు 2022లో కొట్టేసింది. సామూహిక ఉల్లంఘనల్లో సాక్ష్యాలు పోగుచేసినవాళ్లకు ఈ దారీ ఉపయోగపడుతుంది.

కమిటీ అభిప్రాయం కోర్టు డిక్రీలా జప్తు చేయించుకునేది కాదు. అయితే ప్రోటోకాల్‌లో చేరిన రాజ్యం దాన్ని సద్భావంతో పరిగణించాలని 2008 నాటి 33వ సాధారణ వ్యాఖ్య చెబుతుంది. తీసుకున్న చర్యలను 180 రోజుల్లో తెలియజేయమని కమిటీ రాజ్యాన్ని అడుగుతుంది. ఆ గడువును మీ క్యాలెండర్లోనూ రాసుకోండి. అభిప్రాయాన్ని దేశభాషలోకి అనువదించి దాని నకలుతో సంబంధిత మంత్రిత్వ శాఖకు, ప్రాసిక్యూటర్‌కు, జాతీయ మానవ హక్కుల సంస్థకు రసీదుతో లేఖలు ఇవ్వండి. 180వ రోజున, అడిగిన ప్రతి చర్యకూ ఎదురుగా ‘జరిగింది’, ‘కొంత జరిగింది’, ‘జరగలేదు’ అని రాసి, ఆ రసీదులు జతచేసి, కమిటీ తదుపరి చర్యల విభాగానికి పంపండి.